చలికి ముందే నాటిన వసంతం

ఫిబ్రవరి రెండో వారం వచ్చేసరికి మాదాపూర్‌లో మధ్యాహ్నం పూట ఫ్యాన్ లేకుండా కూర్చోలేని రోజులు మొదలవుతాయి. ఈసారి మామిడి పూత నిలుస్తుందా, రాలిపోతుందా అని ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటూ ఉంటారు. నేనుండే బెర్లిన్‌లో అదే వారం నేల ఇంకా గడ్డకట్టి ఉంటుంది. పార వేస్తే దిగదు. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకే ఊరు ఇది. జనవరి అంతా ఆకాశం సీసం రంగులోనే ఉంటుంది. అలాంటి రోజుల్లో ఒక పొద్దున, కుళ్ళిన ఆకుల కింద నుంచి ఆకుపచ్చని మొనలు నాలుగైదు పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. అది స్నోడ్రాప్. ఈ దేశంలో చలికాలం తిరుగుముఖం పట్టిందని ముందుగా కబురు చెప్పే పువ్వు అదే.

వంగి దగ్గరగా చూస్తేనే దాని పనితనం తెలుస్తుంది. ఆకు చివర గట్టిగా, కాస్త పాలిపోయి ఉంటుంది. బిగుసుకున్న మట్టిని చీల్చుకుని రావడానికే ఆ మొన. బెత్తెడు కాడ చివర ఒకే ఒక్క పువ్వు తలవంచుకుని వేలాడుతుంది. బయట మూడు తెల్లని రేకులు, లోపల మూడు పొట్టి రేకులు, లోపలి రేకు అంచున ఆకుపచ్చని మచ్చ. రాత్రి మళ్ళీ గట్టిగా మంచు పడితే కాడ మొత్తం నేలకు వాలిపోతుంది. ఇక అయిపోయిందనుకుంటాం. పదకొండు గంటలకు కాస్త ఎండ తగిలితే చాలు, మళ్ళీ లేచి నిలబడుతుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ లేవడం చూసి నేను గడ్డకట్టే చలిలో కూడా కదలకుండా నిలబడిపోయేవాణ్ణి.

ఇది ఎవరికి వారు ఇంట్లో మురిసిపోయే ముచ్చటగా ఆగిపోదు. జర్మన్ వాతావరణ శాఖ కూడా ఈ పువ్వును లెక్కలో రాసుకుంటుంది. ఆ శాఖ మొక్కలను బట్టి ఏడాదిని పది ఋతువులుగా విడదీసింది. హేజెల్ చెట్టు పూసి, స్నోడ్రాప్ విచ్చుకుంటే వసంతానికి వేకువ. ఫోర్సిథియా పొద నిండా పసుపు పువ్వులొస్తే తొలి వసంతం. ఆపిల్ చెట్టు పూస్తే నిండు వసంతం. దేశమంతటా ఉన్న స్వచ్ఛంద పరిశీలకులు తమ ఊళ్ళో ఏ పువ్వు ఏ రోజు పూసిందో రాసి పంపుతారు. మనవాళ్ళు నక్షత్రాలను బట్టి ఇరవై ఏడు కార్తెలు కట్టి, రోహిణిలో ఎండలు, మృగశిరలో తొలకరి అంటూ సేద్యం నడిపారు. వీళ్ళు నేల మీది పువ్వును బట్టి నడిపారు. ఫోర్సిథియా పూసినప్పుడు గులాబీ కొమ్మలు కత్తిరించాలి. మే నెల 11 నుంచి 15 దాకా ఐదుగురు సెయింట్ల పేరున చలి రోజులు వస్తాయి. అవి దాటేదాకా టమాటా నారు బయట నాటకూడదు. తోట ఉన్న ప్రతి ఇంటికీ ఈ లెక్క నోటికి వచ్చు.

అయితే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది వేరే ఉంది. ఫిబ్రవరిలో పూసే పువ్వు కోసం ఫిబ్రవరిలో చేయగలిగింది ఏమీ లేదు. అక్టోబరులోనో, నవంబరులోనో, సన్నటి వానలో తడుస్తూ, చేతులు కొంకర్లు పోతుంటే నేలలో గడ్డలు పాతిపెట్టినవాళ్ళకే అది పూస్తుంది. తులిప్ గడ్డకైతే చలి తప్పనిసరి. మూడు నాలుగు నెలలు చల్లని మట్టిలో పడుకుంటే తప్ప లోపలి మొగ్గకు కాడ సాగదు. గడ్డ పాతే రోజున కళ్ళ ముందు వసంతం జాడ కూడా ఉండదు. ముందున్నదంతా చీకటి. జర్మనీ చరిత్రను మీకు చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి దారి దొరకలేదు. ముందున్నదంతా చీకటి అని తెలిసిన రోజుల్లో ఈ మనుషులు మట్టిలో ఏం పెట్టారు, ఆ మట్టిని ఎలా కాపాడుకున్నారు అన్నదే నేను చెప్పబోయే చరిత్ర.

మన హైదరాబాద్‌కూ ఈ దేశానికీ బంధం ఎప్పుడు గట్టిపడిందో ముందు చెప్పాలి. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రెండేళ్ళు తిరగకముందే, 2000 ఆగస్టులో, జర్మనీలో గెర్హార్డ్ ష్రోడర్ ప్రభుత్వం విదేశీ కంప్యూటర్ నిపుణుల కోసం గ్రీన్ కార్డ్ పథకం తెచ్చింది. 20 వేల మందిని పిలవాలని అనుకున్నారు. భారతీయులను రప్పించే బదులు మన పిల్లలకే చదువు చెప్పించుకుందాం అన్న ఎన్నికల ప్రచారం కూడా అప్పుడే సాగింది. 2024 అక్టోబరులో అదే దేశం భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని ప్రకటించింది. ఈ రెండు తేదీల నడుమ మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ఆఫీసుల నుంచి ఎందరో బెర్లిన్‌కు, మ్యూనిక్‌కు, ఫ్రాంక్‌ఫర్ట్‌కు వచ్చి చేరారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. వచ్చేటప్పుడు జర్మనీ అంటే నాకు కార్లు, యంత్రాలు, రెండు యుద్ధాలు, హిట్లర్. తోటల సంగతి బొత్తిగా తెలియదు.

బెర్లిన్‌లో రైలెక్కి ఊరి అంచుల వైపు వెళ్తుంటే పట్టాల పక్కన చిన్న చిన్న మడులు, ఒక్కో మడిలో ఒక చెక్క గది, ఒక ఆపిల్ చెట్టు, ఒక నీళ్ళ పీపా వరసగా కనిపిస్తాయి. మొదట చూసినప్పుడు పేదల బస్తీ అనుకుంటారు మనవాళ్ళు చాలామంది. అవి క్లయిన్‌గార్టెన్ తోటలు. ఊళ్ళో ఫ్లాటుల్లో ఉండేవాళ్ళు సంఘం నుంచి కౌలుకు తీసుకుని సాగుచేసుకునే నేల అది. బెర్లిన్‌లో సుమారు 70 వేలు, దేశం మొత్తం మీద సుమారు 9 లక్షలు ఉన్నాయి. ఒకటి దొరకాలంటే పేరు రాసుకుని ఏళ్ళ తరబడి ఆగాలి. మా ఇంటికీ అలాగే వచ్చింది.

ఈ తోటలకు మూలం లైప్‌జిగ్ నగరంలో ఉంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ ఫ్యాక్టరీలు పెరిగి, పల్లెల నుంచి జనం నగరాల మీద పడ్డారు. గాలీ వెలుతురూ రాని ఇళ్ళలో పిల్లలు చిక్కిపోతుంటే, వాళ్ళకు ఆరుబయట ఆటలు కావాలని చెప్పిన వైద్యుడు మోరిట్జ్ ష్రేబర్. ఆయన 1861లో పోయాక, హౌషిల్డ్ అనే బడి పెద్ద 1864లో ఆయన పేరున ఒక సంఘం పెట్టాడు. పిల్లల కోసం ఆటస్థలం వచ్చింది. గెజెల్ అనే ఉపాధ్యాయుడు ఆ ఆటస్థలం అంచున పిల్లల చేత పూలమడులు వేయించాడు. పిల్లలు రెండు రోజులు నీళ్ళు పోసి మరిచిపోతే అమ్మానాన్నలు అందుకున్నారు. చూస్తుండగానే మడులకు కంచె వచ్చింది, పువ్వుల పక్కన కూరగాయలు వచ్చాయి, వాన పడితే తలదాచుకోవడానికి చెక్క గది లేచింది. బెర్లిన్‌లో పరిశ్రమల కూలీలు కూడా ఇదే దారి పట్టారు. ఒక్కో గదిలో ఇంటిల్లిపాదీ కిక్కిరిసి బతికే ఆ కుటుంబాలకు ఆదివారం పూట ఊపిరి తీసుకునే చోటు ఇదే అయ్యింది.

ఆ తర్వాత తోట ప్రాణాధారం అయిన రోజులు వచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ నౌకాదళం జర్మనీకి సముద్రం మీద దారులు మూసేసింది. 1916 వానల్లో బంగాళాదుంప పంట తెగులు పట్టి కుళ్ళిపోయింది. ఆ చలికాలమంతా నగరాల్లో జనం పశువులకు వేసే టర్నిప్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. ఆ చలికాలాన్ని ఇప్పటికీ టర్నిప్పుల పేరుతోనే చెప్పుకుంటారు. మడి ఉన్నవాడు ఆ ఏడాది పిల్లలకు పిడికెడు క్యాబేజీ పెట్టగలిగాడు. యుద్ధం ఓడిపోయి, రాజు పారిపోయి, కొత్త గణతంత్రం తడబడుతున్న 1919 జూలైలో తోటల చట్టం వచ్చింది. కౌలు రేటు ఇష్టమొచ్చినట్టు పెంచకూడదని, కౌలుదారును ఉన్నపళంగా వెళ్ళగొట్టకూడదని అందులో రాశారు. ఖజానా ఖాళీగా ఉన్న సర్కారు తొలి ఏడాదిలోనే గుర్తుపెట్టుకుని చేసిన పని అది.

ఈ చరిత్రలో నల్లటి అధ్యాయాన్ని దాటేసి చెప్పడం తప్పు. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే తోట సంఘాలను కూడా తమ గుప్పిట్లోకి తీసుకున్నారు. యూదులను, కమ్యూనిస్టులను, సోషల్ డెమోక్రాట్లను సంఘాల నుంచి గెంటేశారు. ఎన్నో ఏళ్ళు పక్కపక్కనే గులాబీలు పెంచినవాళ్ళలో చాలామంది నోరు మెదపలేదు. మట్టిని ప్రేమించినంత మాత్రాన మనుషులు మంచివాళ్ళైపోరని ఈ దేశం నేర్పింది, ఆ పాఠం ఇక్కడి పిల్లలకు బడిలో చెబుతారు.

అయినా ఆ తోటల్లోనే ఇంకొకటి కూడా జరిగింది. హాన్స్ రోజెంతాల్ అని 1925లో బెర్లిన్‌లో పుట్టిన యూదు కుర్రవాడు. అమ్మానాన్నలు పోయారు. తమ్ముణ్ణి తూర్పు దేశాలకు తరలించి చంపేశారు. 1943 మార్చిలో, ఊళ్ళో మిగిలిన యూదులను ఏరి తీసుకుపోతున్న రోజుల్లో, అతను లిష్టెన్‌బర్గ్ పేటలోని ఒక తోటల కాలనీకి పారిపోయి వచ్చాడు. ఈడా యౌఖ్ అనే ఆవిడ తన మడిలోని చెక్క గదిలో అతన్ని దాచింది. ఆవిడ చనిపోయాక మరియా షోనెబెక్ దాచింది. ఎమ్మా హార్న్‌ట్ అనే పొరుగావిడ తనకున్న కొంచెంలోనే అతనికీ పెట్టింది. రేషన్ మీద బతికే ఆ రోజుల్లో ఒక నోరు ఎక్కువైతే ఎంత బరువో ఊహించండి. తెలిస్తే వాళ్ళ ప్రాణాలకే ముప్పు. 1945 ఏప్రిల్‌లో సోవియట్ సైన్యం వచ్చేదాకా, రెండు చలికాలాలూ అతన్ని అక్కడే కాచుకున్నారు. ఆ కుర్రవాడే తర్వాత రేడియోలో, టీవీలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1971 నుంచి అతను నడిపిన ‘డల్లి డల్లి’ కార్యక్రమాన్ని దేశమంతా ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది. జర్మన్లను నవ్వించినవాడి ప్రాణం నిలిచింది ముగ్గురు ఆడవాళ్ళ ధైర్యం వల్ల, ఒక చిన్న తోట గది వల్ల.

యుద్ధం ముగిసేసరికి బెర్లిన్ రాళ్ళగుట్ట. నగరం నడిబొడ్డున టీర్‌గార్టెన్ అనే పెద్ద ఉద్యానవనం ఉంది, రెండు వందల హెక్టార్లకు పైనే. యుద్ధానికి ముందు అక్కడ సుమారు రెండు లక్షల చెట్లు ఉండేవి. బాంబులకు కొన్ని పోయాయి. మిగిలినవాటిని యుద్ధం తర్వాతి చలికాలాల్లో బొగ్గు దొరకని జనం పొయ్యిలో పెట్టుకోవడానికి నరుక్కున్నారు. చివరికి నిలిచినవి 700 మాత్రమే. ఖాళీ అయిన నేలను రెండున్నర వేల మడులుగా విడగొట్టి బంగాళాదుంపలు, క్యాబేజీ వేసుకున్నారు. విరిగిన రాజుల విగ్రహాల మధ్య ఆడవాళ్ళు గుద్దలి పట్టుకుని నిలబడ్డ ఫోటోలు మ్యూజియంలో చూశాను. ఆ ఫోటోల్లో ఎవరి మొహంలోనూ నవ్వు లేదు, కానీ సాలు మాత్రం తాడు పట్టి గీసినంత నిటారుగా ఉంది.

1948 జూన్‌లో సోవియట్లు పశ్చిమ బెర్లిన్‌కు రోడ్లు, రైళ్ళు, కాలువలు మూసేశారు. ఇరవై లక్షల మందికి తిండీ బొగ్గూ విమానాల మీదే రావాలి. టెంపెల్‌హోఫ్ విమానాశ్రయంలో నిమిషాల తేడాతో విమానాలు దిగేవి. మొత్తం మీద 2 లక్షల 77 వేల విమానాలు 23 లక్షల టన్నుల సరుకు మోసుకొచ్చాయి. అందులో ఎక్కువ భాగం బొగ్గే. ఆ దిగ్బంధం ఇంకా సాగుతుండగానే, 1949 మార్చి 17న, మేయర్ ఎర్న్‌స్ట్ రాయిటర్ టీర్‌గార్టెన్‌కు వెళ్ళి ఒక లిండెన్ మొక్క నాటాడు. నాజీల కాలంలో ప్రాణం అరచేతిలో పెట్టుకుని టర్కీకి వెళ్ళి, పదకొండేళ్ళు పరాయి గడ్డ మీద బతికి, తిరిగొచ్చినవాడు ఆయన. రేపు పిండి వస్తుందో రాదో తెలియని ఊళ్ళో, నీడనివ్వడానికి ముప్పై ఏళ్ళు పట్టే చెట్టు నాటడం అంటే ఏమిటో ఆలోచించండి. పశ్చిమ జర్మనీ నగరాలు రెండున్నర లక్షల మొక్కలు పంపాయి. పదేళ్ళపాటు నాటుతూనే ఉన్నారు. ఇవాళ మార్చిలో ఆ చెట్ల కింద క్రోకస్ పువ్వులు ఊదా, పసుపు, తెలుపు రంగుల్లో పరుచుకుంటే, మన పిల్లలు వాటి మధ్య సైకిళ్ళు తొక్కుతున్నారు.

ఆ తర్వాత ఊరు రెండుగా చీలింది. 1961 ఆగస్టు 13న గోడ లేచింది. దాని దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోయాయి. గోడకు రెండు వైపులా తోటలు మాత్రం ఉన్నాయి. తూర్పు జర్మనీలో ఏం మాట్లాడాలన్నా ఎవరు వింటున్నారో అని భయపడే రోజుల్లో, కంచె లోపలి మడి ఒక్కటే మనిషికి తనదిగా ఉండేది. అక్కడ పండిన పళ్ళూ కూరగాయలూ సర్కారు కొనేది కూడా. మా పక్క మడి పెద్దావిడ తూర్పు బెర్లిన్‌లో పెరిగిన మనిషి. మాకు తోట వచ్చిన మొదటి శరదృతువులో ఒక కాగితం సంచి నిండా క్రోకస్ గడ్డలు తెచ్చి నా చేతిలో పెట్టింది. చిన్న ఉల్లిపాయంత గడ్డలు, పైన పీచులాంటి పొర. మొన పైకి ఉండేట్టు పెట్టమంది. రేపు పెడతానన్నాను. “ఇవాళే పెట్టు. మార్చిలో వచ్చి నన్నడిగితే నేనేం చేయలేను” అంది. ఆవిడ గొంతులో ఉన్నది కసురు కాదు, అనుభవం.

గోడ కథలో మనలాంటి వలసవాళ్ళకు దగ్గరివాడు ఒకాయన ఉన్నాడు. ఉస్మాన్ కాలిన్. 1961లో టర్కీతో కుదిరిన ఒప్పందం తర్వాత లక్షలాది టర్కీ కూలీలు జర్మనీకి వచ్చారు. ఫ్యాక్టరీలు వాళ్ళను రమ్మన్నాయి, కాని ఊరు వాళ్ళను తనవాళ్ళనుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. క్రొయిట్స్‌బర్గ్ పేటలో గోడను తిన్నగా కట్టడం కోసం ఒక ముక్కోణం నేలను వదిలేశారు. లెక్క ప్రకారం అది తూర్పు బెర్లిన్‌ది. ఉన్నది మాత్రం గోడకు పశ్చిమాన. ఎవరూ పట్టించుకోక చెత్తకుప్పగా మారింది. 1980ల మొదట్లో కాలిన్ ఆ చెత్త ఎత్తిపోసి, ఉల్లి, వెల్లుల్లి నాటాడు. గోడ మీది నుంచి తూర్పు జర్మనీ సైనికులు వచ్చి అడిగారు, చూశారు, చివరికి ఉండనిచ్చారు. తర్వాత పాత చెక్కలతో రెండంతస్తుల ఇల్లు కూడా కట్టాడు. గోడ పోయింది, దాన్ని కట్టిన రాజ్యమే పోయింది, తోట ఉంది. ఆయన 2018లో కన్నుమూశాడు. ఇప్పుడు ఆ చోటును చూడటానికి దేశదేశాల నుంచి జనం వస్తారు.

1989 నవంబరు 9న గోడ తెరుచుకున్న రాత్రి, మొదట తెరిచిన సరిహద్దు ద్వారం బోర్న్‌హోల్మర్ వంతెన దగ్గరిది. మరుసటి ఏడాది జపాన్‌లో ఒక టీవీ సంస్థ, రెండు జర్మనీలు ఒకటైన సంతోషానికి గుర్తుగా, ప్రేక్షకుల నుంచి విరాళాలు పోగుచేసి చెర్రీ మొక్కలు పంపింది. గోడ నిలిచిన దారిలో, ఊరి చుట్టుపక్కల 9 వేలకు పైగా నాటారు. ఏప్రిల్‌లో అవి పూసినప్పుడు ఒకప్పుడు తుపాకులు కాపలా కాసిన దారి గులాబీ రంగులో ఉంటుంది. మా తెలుగు పిల్లలు అక్కడ ఫోటోలు దిగుతుంటే నేను వాళ్ళకు గోడ ఎక్కడ ఉండేదో కాలితో గీసి చూపిస్తాను. పువ్వు కింద ఏముందో తెలిసి పువ్వును చూడాలని నా ఆశ.

ఇన్ని చలికాలాలు చూశాక ఈ సమాజం చట్టాన్ని ఇంకా గట్టిపరుచుకుంది. 1983లో పశ్చిమ జర్మనీ చేసిన తోటల చట్టం ఇప్పుడు దేశమంతటా అమల్లో ఉంది. మడి 400 చదరపు మీటర్లు మించకూడదు. గది 24 చదరపు మీటర్లు దాటకూడదు, అందులో కాపురం పెట్టకూడదు. మడిలో మూడో వంతైనా పళ్ళకూ కూరగాయలకూ కేటాయించాలని కోర్టు చెప్పింది. కౌలు తక్కువ. పల్లెలో పండ్ల తోటల నేలకు పలికే కౌలును బట్టే దీనికీ పరిమితి పెట్టారు. ఈ నేలలో అపార్ట్‌మెంట్లు కడితే ఎన్ని కోట్లు వస్తాయో ఇక్కడి బిల్డర్లకూ తెలుసు. అందుకే ఆ లెక్క చూడకుండా చట్టం అడ్డుపడుతుంది.

టెంపెల్‌హోఫ్ సంగతి కూడా ఇలాంటిదే. ఆకలి రోజుల్లో పిండీ బొగ్గూ దిగిన ఆ విమానాశ్రయాన్ని 2008లో మూసేశారు. 2010లో జనానికి తెరిచారు. మూడు వందల హెక్టార్ల బయలు, ఊరి మధ్యలో. అంచుల్లో ఇళ్ళు, లైబ్రరీ కట్టాలని నగర ప్రభుత్వం అనుకుంది. 2014 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో బెర్లిన్ ఓటర్లు ఒక్క ఇటుక కూడా వద్దన్నారు. అదే చట్టమైంది. ఇళ్ళ కొరత బాగా పెరిగిన ఈ ఊళ్ళో ఆ వాదన ఇంకా ముగియలేదు. అద్దె ఇల్లు దొరక్క తిరిగే కొత్తవాళ్ళ బాధ నాకు బాగా తెలుసు. అయినా, ఖాళీ నేల కనిపించగానే అది ఎవరికి అమ్ముదామా అని అడగకుండా, అందరినీ అడిగి తేల్చుకుందాం అనుకోవడం నాకు ఎంతో గొప్పగా తోచింది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మన ఐటీ కారిడార్ నేల కూడా ఇలాంటి ప్రశ్న ముందే నిలబడి ఉంది. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పెట్టినప్పుడు గచ్చిబౌలి అంటే గుట్టలు, గొర్రెల మేత బీళ్ళు. ఆ గ్రానైటు బండల వయసు 250 కోట్ల ఏళ్ళు. ఆ పక్కనే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల పొదల అడవి మిగిలింది. ఎండలు ముదిరే వేళకు అక్కడ మోదుగ చెట్టు ఆకంతా రాల్చి నిప్పులా పూస్తుంది. చుక్కల జింకలున్నాయి, నెమళ్ళున్నాయి, బండల మధ్య వాన నీటి గుంటలున్నాయి. 2025 మార్చి 30, ఉగాది రోజున, ఐటీ పార్కుల కోసం ఆ నేలను చదును చేయడానికి బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. ఆ నెలలోనే, కొట్టేసినచోట పచ్చదనం తిరిగి ఎలా తెస్తారో ప్రణాళిక చెప్పమని ప్రభుత్వాన్ని అడిగింది. ఆ వారమంతా బెర్లిన్‌లో మేం ఫోన్లలో ఆ వీడియోలే చూశాం. ఆ ఉగాదికి మేం పచ్చడిలో వేసుకున్నది ఊరి నుంచి ఎండబెట్టి తెచ్చుకున్న వేపపువ్వు. ఇక్కడి చలికి వేపచెట్టు బతకదు. మీకు వీధి మలుపులోనే రాలే పువ్వు మాకు స్టీలు డబ్బాలో గుప్పెడే.

ఐటీ వద్దని నేననను. ఆ ఆఫీసులే నాకు బతుకునిచ్చాయి, ఎన్నో పల్లెటూరి కుటుంబాలకు తలరాత మార్చాయి. కానీ అద్దాల భవనం పదేళ్ళలో ఎక్కడైనా కట్టుకోవచ్చు. బండల మధ్య తనంతట తాను మొలిచిన మోదుగను, దాని కింద చేరిన మట్టిని, ఆ మట్టిలో దిగిన నీటిని ఏ బడ్జెట్టూ తెచ్చివ్వలేదు. బెర్లిన్ 700 చెట్ల నుంచి తిరిగి మొదలుపెట్టగలిగింది, ఎందుకంటే చెట్లు పోయినా కింది నేలను ఎవరికీ అమ్మలేదు. మనకు ఆ నేల ఇంకా ఉంది. కొత్తగూడ బొటానికల్ గార్డెన్ ఉంది, దుర్గం చెరువు గట్టు ఉంది, ఖాజాగూడ గుట్టలున్నాయి, కంచ గచ్చిబౌలి ఉంది. కాపాడుకోవాల్సింది ముందు వీటినే.

ఇప్పుడు ఏం చేయగలమో కూడా చెబుతాను. ఇక్కడ నాటే కాలం చలికి ముందు వస్తే, మనకు తొలకరితో వస్తుంది. వేపపండ్లు జూన్, జూలైల్లో రాలతాయి. గింజకు మొలకెత్తే సత్తువ కొద్ది వారాలే ఉంటుంది కనుక రాలిన వెంటనే నాటాలి. మోదుగ గింజలు వేసవిలో ఏరుకుని తొలి వానకు పెడితే చాలు. ఇది అపార్ట్‌మెంట్ సంఘమూ చేయగలదు, ఆఫీసు క్యాంపస్ కూడా చేయగలదు. దిగుమతి గడ్డికి పోసే నీళ్ళలో పిసరంత చాలు. రెండో పని కష్టమైనది, అసలు పని కూడా అదే. మన కాలనీలో, వార్డులో ఏ నేల ఎవరి పేరున ఉంది, మాస్టర్ ప్లాన్‌లో దానికి ఏ రంగు వేశారు అన్నది కనుక్కోండి. పార్కు అని రాసి ఉంటే అక్కడ పార్కు ఉందా చూడండి. అద్దెకుండేవాళ్ళూ పిల్లలూ కలిసి నాలుగు మడులు చేసుకునేందుకు కొంత నేలను చట్టం కింద పెట్టమని, దాన్ని వేలం వేయకుండా కట్టుదిట్టం చేయమని వార్డు సభల్లో అడగండి, ఓటు అడగడానికి వచ్చినవాళ్ళను అడగండి, రాతపూర్వకంగా అడగండి. 1919లో ఆకలితో ఉన్న జనం అడిగితేనే ఇక్కడ చట్టం వచ్చింది. 2014లో సంతకాలు పోగుచేసి తిరిగిన మామూలు మనుషుల వల్లే టెంపెల్‌హోఫ్ మిగిలింది. మన పిల్లల ఉగాదికి వీధిలోనే వేపపువ్వు దొరకాలంటే ఆ అడగడం ఈ వానాకాలమే మొదలుకావాలి, ఎందుకంటే మన ఊళ్ళో నేల ఎవరి కోసమూ ఆగదు.